కాంబోలు ఆపేశాం, ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి

మా రాజమండ్రి కెమెరా షాపు కస్టమర్లకు నమస్కారం. కెమెరాతో పాటు బ్యాగు, ట్రైపాడ్, యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) కలిపి ఇచ్చే కాంబో ఈ నెల నుంచి లేదు. ఎందుకని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద మాకు మిగిలేది తక్కువ, ఆ మూడింటి మీదే నాలుగు డబ్బులు. అందుకే అంటగట్టేవాళ్ళం. ఆ చవక ఫిల్టర్‌తో పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి తీసిన ఒకాయన ఫొటోలు తెచ్చి చూపించారు. ప్రతి దీపానికీ ఫ్రేములో అవతలి పక్క ఇంకో మసక దీపం! ఫిల్టర్ విప్పి తీస్తే పోయింది.

ఇక తప్పు సంగతి. పోయిన నెల ఒక ఇంజనీరింగ్ కుర్రాడు 30 వేలతో వచ్చాడు. సెకండ్ హ్యాండ్ నికాన్ డి5600 కెమెరా, దాంతో వచ్చే 18-55 కిట్ లెన్స్ ఇచ్చి, మిగిలిన డబ్బుకి పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ చేతిలో పెట్టాను. మర్నాడు సాయంత్రానికే తిరిగొచ్చాడు. "బాబాయ్, ఇది ఫోకస్ అవ్వట్లేదు."

లెన్స్ బాగానే ఉంది. ఆ పాత 50 డి లెన్స్‌లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డి3500, డి5600 లాంటి వాటిలో ఆ మోటార్ లేదు, డి7200లో ఉంది. నాకు తెలియక కాదు, గిరాకీ హడావిడిలో చూసుకోలేదు. లెన్స్ వాపసు తీసుకుని, సొంత మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ 35 ఎంఎం ఎఫ్/1.8జి ఇచ్చాను, తేడా నేనే వేసుకున్నాను. మా దగ్గర ఇలాగే కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మొహమాటపడకుండా తీసుకురండి, మారుస్తాం.

50 బదులు 35 ఎందుకంటే, ఆ కెమెరాల సెన్సర్ (లోపల ఫొటో పట్టే చిప్పు) చిన్నది. 50 పెడితే పెద్ద సెన్సర్ కెమెరాకి 75 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. పదడుగుల గదిలో అన్నప్రాసన తీయబోతే వీపు గోడకి ఆనినా తాతగారు సగమే పడతారు. పెరట్లో పిల్లల ముఖాలు తీయడానికైతే 50 హాయి.

కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). ఎఫ్/1.8 దానికి దాదాపు పది రెట్లు వెలుతురు రానిస్తుంది. ట్యూబులైటు కింద ఒక్క ఫొటో తీస్తే చాలు, తేడా మీకే తెలుస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నా మాట ఒకటే: బాడీ పాతదైనా పర్లేదు, డబ్బు లెన్స్‌కి ఉంచుకోండి. అయితే కంపెనీలు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్ళిపోయాయి, డి3500, డి5600 తయారీ ఆగిపోయింది. రేపు అమ్మబోతే పెద్దగా ధర రాదు, అది తెలిసే కొనండి.

పాత లెన్స్ ఎవరి దగ్గర కొన్నా, మా దగ్గరైనా సరే, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, అంటే బూజు. ఇంట్లో బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. బియ్యంలో పెట్టకండి, ఆ పొడి లెన్స్‌లోకి పోతుంది. ఇన్ని చెప్తున్న నా బీరువాలోనే ఈ వానల్లో మూడు లెన్స్‌లకి ఫంగస్ పట్టింది. కౌంటర్ మీద విడిగా పెట్టాను, అమ్మకానికి కాదు. ఫంగస్ ఎలా ఉంటుందో చూడాలనుకుంటే అడగండి, టార్చ్ వేసి చూపిస్తాను.