ఈ పంటకాలంలో సరుకు ఎందుకు తగ్గుతుందో మా కొనుగోలుదారులకు వివరణ

మా వద్ద ధాన్యాలు, పప్పులు కొనే వారందరికీ నమస్కారం.

ఈ పంటకాలంలో మీకు అందే సరుకు మామూలు కంటే తక్కువగా ఉంటుంది, కొంత ఆలస్యంగా, విడతలుగా వస్తుంది. మాకు పంట ఇచ్చే యువరైతులు తమ పొలాల్లో కొంత భాగాన్ని, ఇతర గ్రామీణ సమాజాలు తరతరాలుగా పాటిస్తున్న పద్ధతులను పరీక్షించడానికి కేటాయించారు. ఆ నిర్ణయానికి నేను మనస్ఫూర్తిగా సమ్మతించాను. అంతేకాక, వ్యాపారంలో మిగిలే సొమ్ములో కొంత భాగాన్ని వారు ఇతర ప్రాంతాల రైతుల పొలాలకు వెళ్లి, పని చూసి, చేసి రావడానికి వెచ్చిస్తున్నాను. ఆ సొమ్ము మీ కొనుగోళ్ల వల్ల వచ్చినదే కనుక, ఏం జరుగుతోందో, ఏది ఇంకా తేలలేదో మీకు చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది.

ఈ ఆలోచనకు మాకు ధైర్యమిచ్చినది పశ్చిమ ఆఫ్రికా రైతుల అనుభవం. బుర్కినా ఫాసో ఉత్తర భాగంలోని యాటెంగా ప్రాంతంలో, 1970ల నుంచి పదేపదే వచ్చిన కరువుల వల్ల నేల పైపొర గట్టిపడి, కురిసిన కొద్దిపాటి వాన కూడా ఇంకకుండా జారిపోయేది. నేలలో చిన్న చిన్న గుంతలు తవ్వి విత్తే 'జాయ్' పద్ధతి అక్కడి వారికి పూర్వం నుంచీ తెలిసినదే. యాకుబా సావడోగో అనే రైతు 1980 ప్రాంతంలో ఆ గుంతలను మరింత వెడల్పుగా, లోతుగా తవ్వి, వాటిలో పశువుల ఎరువు వేయడం మొదలుపెట్టారు. ఎరువు కోసం చేరిన చెదపురుగులు నేల అడుగున సన్నని దారులు తొలుస్తాయి. తొలకరి నీరు గుంతలో నిలిచి ఆ దారుల గుండా లోపలికి ఇంకుతుంది. విత్తనం పడిన చోటనే తేమ, బలం రెండూ దొరుకుతాయి. చెద కనబడగానే మందు చల్లాలని మాత్రమే విన్న మా యువరైతులు ఈ ఒక్క విషయం మీద చాలాసేపు చర్చించుకున్నారు. పురుగు చేసే పనిని కూడా వ్యవసాయంలో భాగంగా లెక్కవేసిన ఆ పరిశీలన నాకు ఎంతో గొప్పదిగా తోస్తుంది.

సావడోగో తాను తెలుసుకున్నది దాచుకోలేదు. ఇతర గ్రామాల రైతులను తన పొలానికి పిలిచి, విత్తనాలూ అనుభవాలూ ఇచ్చిపుచ్చుకునే సంతలు నిర్వహించారు. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. 2023లో ఆయన కన్నుమూశారు. అయితే మా పనికి దారి చూపినది పురస్కారం కంటే 1989లో జరిగిన ఒక ప్రయాణం. పొరుగు దేశమైన నైజర్‌లోని ఇల్లెలా జిల్లా నుంచి 13 మంది రైతులు యాటెంగాకు వెళ్లి ఆ పొలాలను కళ్లారా చూశారు. తిరిగి వచ్చాక, తమ ప్రాంతంలో 'తాసా' పేరుతో పూర్వం నుంచి ఉన్న చిన్న గుంతలను అదే తీరున మెరుగుపరచి, కొద్దిపాటి నేలలో పరీక్షించారు. మరుసటి ఏడాది వానలు ముఖం చాటేసినప్పుడు ఆ గుంతల పొలాలే చెప్పుకోదగ్గ పంట ఇవ్వడంతో చుట్టుపక్కల రైతులు కూడా ఆ దారి పట్టారు. తోటి రైతు పొలంలో నిలబడి చూసినది నమ్మకం కలిగించినట్లు కరపత్రాలు కలిగించలేవని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని జాయ్ గుంతలు అన్ని నేలలకూ సరిపోవు. నీరు నిలిచే బరువైన బంకమట్టిలో అవే గుంతలు వేళ్లు కుళ్లడానికి కారణమవుతాయి. పైగా ఒక హెక్టారులో తవ్వకానికే వందల గంటల శ్రమ పడుతుంది. అందుకే మా రైతులలో గట్టిబారిన మెట్ట నేల ఉన్నవారు మాత్రమే, అది కూడా పొలంలో ఒక మూల, ఈ పద్ధతిని చేపట్టారు. మిగిలినవారు తమ నేలకు ఇది పొసగదని ముందుగానే నిర్ణయించుకున్నారు. ఆ విచక్షణ నాకు సంతోషాన్నిచ్చింది.

తొందరపడకపోవడానికి మరో కారణం ఉంది. పెరూ, బొలీవియాల సరిహద్దున సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఉన్న టిటికాకా సరస్సు పరిసరాల్లో, ఎత్తైన మట్టి దిబ్బల మీద పంట వేసి, వాటి నడుమ కాలువల్లో నీరు నిలిపే 'వరు వరు' పద్ధతి ప్రాచీన కాలంలో ఉండేది. ఆ నీరు పగటి వేడిని నిలుపుకొని రాత్రివేళ వదులుతూ, మంచు దెబ్బ నుంచి పైరును కొంతవరకు కాపాడుతుంది. 1980లలో పురావస్తు పరిశోధకులు, స్థానిక రైతులు కలిసి దాన్ని పునరుద్ధరించినప్పుడు మంచి దిగుబడులే వచ్చాయి. కానీ పథకాల సాయం ఆగిపోయాక, వాటిలో చాలా పొలాలను రైతులు మళ్లీ వదిలేశారు. దిబ్బలనూ కాలువలనూ ఏటా బాగుచేసుకోవాలంటే ఊరంతా కలిసి చేసే శ్రమ కావాలి. మనం చూసి రాగలిగేది పొలాన్ని మాత్రమే. దాని వెనుక ఉన్న పని పంపకాన్ని, పరస్పర సాయాన్ని కూడా నేర్చుకోకపోతే ఆ పద్ధతి ఒకటి రెండు పంటలకు మించి నిలవదు. కనుక మా యువరైతులు ఎక్కడికి వెళ్లినా, ఈ పని ఎవరు చేస్తారు, ఏ నెలలో చేస్తారు, చేయలేని ఏడాది ఏం చేస్తారు అని అడగడం అలవాటు చేసుకున్నారు.

మీకు అందే సరుకు మీద నేరుగా ప్రభావం చూపేది మిశ్రమ సాగు. మెక్సికో, మధ్య అమెరికా దేశాల మిల్పా పొలాల్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు: చిక్కుడు తీగ మొక్కజొన్న కాడను ఆసరాగా చేసుకుని, నేలకు నత్రజని అందిస్తుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమను నిలిపి, కలుపును అణచుతాయి. మా రైతులు అవే పంటలు వేయడం లేదు. తమ నేలకు అలవాటైన ధాన్యాన్ని, పప్పుజాతి పంటను అదే ఆలోచనతో జోడించారు. రెండు పంటలూ ఒకేసారి కోతకు రావు, యంత్రంతో కోయడం కుదరదు, నూర్పిడి తర్వాత గింజలు వేరు చేయడానికి అదనపు శ్రమ అవసరమవుతుంది. సంచిలో అక్కడక్కడా వేరే గింజ కనిపించవచ్చు, గింజ పరిమాణంలోనూ తేడా ఉండవచ్చు. వీటిని మీరు అంగీకరించాలని కోరుతున్నాను. పురుగు, బూజు, మట్టిగడ్డల విషయంలో మాత్రం ఏ సడలింపూ ఉండదు. అటువంటి సంచిని మేము వెనక్కి తీసుకుంటాము.

1970లలో గ్వాటెమాలాలోని కక్చికెల్ అనే మాయా ఆదివాసీ సమాజపు రైతులతో మొదలై, మెక్సికో, నికరాగ్వా, క్యూబాలకు విస్తరించిన 'రైతు నుంచి రైతుకు' ఉద్యమంలో, కొత్త పద్ధతిని ముందు చిన్న మడిలో పరీక్షించి, ఫలితం చూశాకే విస్తరించేవారు. మేమూ అదే నియమం పెట్టుకున్నాము. పరీక్ష మడిలో పంట పోతే ఆ భారం ఒక్క రైతు మీద పడకుండా, మామూలు దిగుబడి ఎంతో అంతకు లెక్కకట్టి మేము చెల్లిస్తాము. ఇది మా వ్యాపారానికి బరువే. అయినా నష్టభయంతో ఉన్న యువకుడు ధైర్యంగా నేర్చుకోలేడు.

సంచుల మీద 'సంప్రదాయ' అన్న మాటను అమ్మకపు ఆకర్షణగా వాడకూడదని కూడా నిర్ణయించాము. ఏ పద్ధతి ఏ సమాజం నుంచి నేర్చుకున్నదో ఆ పేరు రాస్తాము. ఆ సమాజం బయటకు చెప్పవద్దని కోరిన విషయాలను రాయము, అనుసరించము. అన్నిటినీ యజమాని లేని సొత్తు అన్నట్లు వాడుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ముందుగా డబ్బు కట్టినవారికి మొదటి విడత నుంచే సరుకు పంపుతాము. అంతకాలం ఆగలేనివారు మొత్తం సొమ్మును వెనక్కి తీసుకోవచ్చు. కారణం చెప్పనవసరం లేదు. కొత్త ఆర్డర్లను రెండో పంట నూర్పిడి పూర్తయ్యే వరకు తీసుకోము. పరీక్ష మడుల దిగుబడి, పట్టిన శ్రమ, వచ్చిన నష్టం అన్నిటినీ కోతల తర్వాత మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాము.