మీ చిన్నదాని చదువు సంగతి

మామా,

మీ చిన్నదానికి మూడున్నర నిండినా పలక పట్టడం లేదని బెంగ పెట్టుకున్నావు. పలక సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వూ చెల్లెమ్మా నేర్చుకోవాల్సింది ఒకటుంది: ఆ పిల్ల ఏదైనా చేస్తున్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం. నవ్వకు, నేను చెప్పబోయే మాంటిస్సోరి పద్ధతి మొత్తంలో కష్టమైంది అదే.

గంపలో పోసిన బొమ్మలన్నీ అటకెక్కించు. పిల్ల ఛాతీ ఎత్తు దాటని అర ఒకటి చాలు. దానిమీద నాలుగైదు పనులు, ఒక్కోటి ఒక్కో ట్రేలో, దానికి కావాల్సినవన్నీ అందులోనే. అంతకన్నా ఎక్కువ పెడితే ఒకటి తీసి పడేసి ఇంకోటి పట్టుకుంటారు. వారం పాటు ముట్టనిది తీసేసి వేరేది పెట్టు. చిన్న చాప ఒకటి కొను. పిల్లే పరుచుకోవాలి, పని అయ్యాక చుట్టి మూలన పెట్టాలి. ఆ చాప మీదున్నది మీ పెద్దోడు కూడా ముట్టకూడదు. స్వేచ్ఛ అంటే ఇల్లు పీకి పందిరెయ్యడం కాదబ్బా. చూపించిన పనుల్లో నచ్చింది తీసుకోవచ్చు, ఎంతసేపైనా చేసుకోవచ్చు, తీసిన చోట పెట్టాలి.

మొదటి పని ఒంపడం. ముక్కున్న చిన్న జగ్గులు రెండు, ఒకే సైజువి. ఒకదాంట్లో సగానికి బియ్యం పొయ్యి. శనగల్లాంటి పెద్ద గింజలొద్దు, ముక్కు దగ్గర ఇరుక్కుని ఒక్కసారిగా దభీమని పడతాయి. పిల్లలు వాటిని ముక్కులో దూర్చుకునే ప్రమాదం కూడా ఉంది. ట్రే ముదురు రంగుదై ఉండాలి, తెల్ల గింజ పడితే నువ్వు చెప్పకుండానే దానికి కనబడాలి.

పక్కన కూర్చుని ఒక్కసారి నిదానంగా చేసి చూపించు, నోరు మెదపకుండా. పిడి పట్టుకో, రెండో చెయ్యి అడుగున ఆనించు, ముక్కును అవతలి జగ్గు నడిమికి తెచ్చి వంచు, ఆఖరి గింజ పడేదాకా ఆగు. మాట్లాడుతూ చూపిస్తే పిల్ల నీ మొహం చూస్తుంది, చేతులు చూడదు. గింజలు పడతాయి, పడనీ. అప్పుడే చెల్లెమ్మ "అయ్యో" అని చీపురు పట్టుకుని వస్తుంది చూడు, ఆపు. ఒక్కో గింజా వేళ్ళతో ఏరుకుంటూ కూర్చుంటే ఒంపిన దానికన్నా ఏరడానికే ఎక్కువ సేపు పడుతుంది. రేపు పెన్సిల్ పట్టాల్సిన మూడు వేళ్ళకు అదే సాధన. మధ్యలో శెభాష్ కూడా వద్దు. తలెత్తి నీ వైపు చూసిందంటే ధ్యాస చెదిరినట్టే. బియ్యం చేతికి కుదిరాక నీళ్ళు, పక్కన తుడుచుకునే గుడ్డ.

టైము సంగతి. ఈ పద్ధతి బడిలో అయితే పొద్దున మూడు గంటలు ఎవరూ కదిలించకుండా వదిలేస్తారు, ఇంట్లో గంటన్నరైనా ఇవ్వు. సుమారు గంటకు పిల్లలు గోల మొదలుపెడతారు, అటూ ఇటూ తిరుగుతారు. అలిసిపోయారనుకుని పెద్దవాళ్ళు అన్నీ సర్దేస్తారు. అది అలుపు కాదు. కాసేపు ఓర్చుకుంటే తర్వాత తీసుకునే పనిలోనే గట్టిగా మునుగుతారు.

ఇక అక్షరాలు. వరుసలో ముందుంది కదా అని 'అ'తో మొదలుపెట్టకు, దాని ఒంపులు ఆ చిన్న చేతికి కష్టం. ర, గ, ల తీసుకో. మూడే అక్షరాలు, అప్పుడే గలగల, గరగర అని చదివేస్తుంది! 'త' కలిస్తే తల, ఆపైన ప, క చేరితే కల, పలక. ప-ష, వ-మ, ద-డ లాంటి జంటలను ఒకే వారంలో చూపించకు, కలగాపులగం అయిపోతాయి. గుణింతాల జోలికి ఇప్పుడే పోవద్దు. పలికేటప్పుడు కూడా 'గా' అని సాగదీయకుండా 'గ' అని పొట్టిగా అను.

పెయింట్ షాపులో ఎమరీ కాగితం 220 నంబరుది అడుగు. 80 నంబరుదైతే వేలు గీసుకుపోతుంది. అక్షరం నాలుగంగుళాల ఎత్తు కోసి అట్టకు అంటించు. ఫెవికాల్ అంచుల దాకా రాయి, అంచు లేచిందంటే పీకి పారేస్తారు. చూపుడువేలు, నడిమివేలు కలిపి, రాసే దారిలోనే దిద్దాలి.

పేర్లు చెప్పడానికి మూడు మెట్లు. "ఇది గ, ఇది ల" అనడం మొదటిది. "గ నా చేతిలో పెట్టు, ల కిటికీ దగ్గర పెట్టిరా" అని ఆడించడం రెండోది, ఎక్కువ సేపు ఇక్కడే ఉండాలి. "ఇదేంది?" అన్నది మూడోది. మనోళ్ళంతా నేరుగా మూడోదానికి దూకుతారు, పిల్ల బిక్కమొహం వేస్తుంది. రెండో మెట్టులో తప్పు చూపిస్తే దిద్దకు. అట్టలు తీసేసి ఇంకో రోజు మళ్ళీ మొదటినుంచి రా.

బడి గురించి అడిగావు. ఈ పద్ధతి పెట్టిన మారియా మాంటిస్సోరి 1907లో రోములో 'పిల్లల ఇల్లు' అని తన మొదటి బడి తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు తానే శిక్షణ ఇచ్చింది. అయితే ఆ పేరు బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు, బోర్డు చూసి ఫీజు కట్టకు. అరగంట లోపల కూర్చోనివ్వమని అడుగు. మూడేళ్ళవాళ్ళూ ఐదేళ్ళవాళ్ళూ ఒకే గదిలో ఉన్నారా? టీచరు గొంతు ఎంత తక్కువ వినబడుతోంది? గులాబీ రంగు గోపురం ఉంటుంది, ఒక సెంటీమీటరు నుంచి పది దాకా పది దిమ్మెలు. వాటి మూలలు అరిగి రంగు పోయుంటే మంచి గుర్తు. తళతళ మెరుస్తుంటే అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టినవే. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్ళు పల్లె బడుల్లో ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి, మెట్లుమెట్లుగా పేర్చిన పాఠాల కార్డుల నిచ్చెన మీద ఎవరి వేగంతో వాళ్ళను ఎక్కనిస్తారు. ఖరీదైన సామాన్లుంటేనే ఇది కుదురుతుందనే వాళ్ళకు అదే జవాబు.

ర, గ, ల అట్టలు కోసి పెట్టాను, చిత్తూరు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తా. జగ్గులు నువ్వే కొను, పింగాణీవి. ప్లాస్టిక్‌వైతే జాగ్రత్తగా పట్టుకోవాల్సిన అవసరమే దానికి తెలియదు. ఒకటో రెండో పగుల్తాయి, అదనంగా ఇంకో జత తీసుకో.

నీ స్నేహితుడు,
తిరుపతి