కిటికీ పక్క సీసాలు కొన్నవాళ్ళకూ, 30 డాలర్ల లోపు ఏది కొనాలని అడిగినవాళ్ళకూ

మన లిక్కర్ షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. రెండు సంగతులు చెప్పాలి. మొదటిది నా పొరపాటు, కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

"అన్నా, 30 డాలర్ల లోపు మంచిదేదన్నా చెప్పు" అని మీరు అడిగినప్పుడల్లా ఏదో ఒక పేరు చెప్తూ వచ్చాను. వాటిలో సగం నేను నోట్లో పోసుకున్నవి కావు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి వచ్చినతను "ఇది బాగా పోతోంది" అంటే ఆ మాటే మీకు అప్పజెప్పాను. ఇక అలా కాదని, పోయిన నెల అరల్లోంచి 14 సీసాలు ఇంటికి పట్టుకెళ్ళాను. రోజూ తొమ్మిదింటికి షాపు మూసి, భోజనానికి ముందే రుచి చూసేవాణ్ణి. పేరు కనబడితే నాలుక పేరునే నమ్ముతుంది. అందుకని మా ఆవిడ సీసాలకు బ్రౌన్ కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, నంబర్లు రాసిపెట్టేది. రాత్రికి మూడే, ఒక్కోటి రెండు చెంచాలు.

ఒక రాత్రి 6వ నంబరుకి "అట్టపెట్టె వాసన, తీపి చచ్చిపోయింది" అని రాసుకున్నాను. 9వ నంబరుకి "నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, బెల్లం పాకం, మళ్ళీ కొంటాను" అని రాశాను. కవర్లు విప్పితే రెండూ ఒకటే బోర్బన్, అంటే మొక్కజొన్న ఎక్కువ వేసి తీసే అమెరికా విస్కీ. ఒకటి వెనక గదిలో పెట్టెలోంచి తీసింది, రెండోది పడమటి కిటికీ అరలోది. ఆ అరలో సీసాల రంగు దిగిందని మా ఆవిడకి ఎప్పట్నుంచో అనుమానమట, కావాలనే రెండూ పెట్టింది. లైటు కింద పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి చిక్కటి డికాషన్, ఇంకోటి నీళ్ళు కలిపిన టీ.

డాలస్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రోడ్డు మీదికి బాగా కనబడతాయని రెండు వేసవులు ఆ సీసాల్ని అక్కడే ఉంచాను. విస్కీకి పీపాలో ఉన్నన్నాళ్ళే వయసు పెరుగుతుంది. సీసాలో పోశాక ఇరవై ఏళ్ళు దాచినా అది ఎదగదు, కానీ ఎండ తగిలితే మాత్రం రంగూ వాసనా పోతాయి. వైన్‌కే ఆ బాధ అనుకున్నాను. తెలుసుకుని ఉండాల్సింది. కిటికీ అరలోంచి కొన్నవాళ్ళు ఎవరైనా, సీసా ఉన్నా అయిపోయినా, వచ్చి చెప్పండి. డబ్బు వెనక్కిస్తాను. బిల్లు అడగను.

ఇక రెండో సంగతి. రుచి చూశాక నాకు తేలిందేమిటంటే, 60 డాలర్లదని మీకు గొప్పగా చెప్పిన ఒక సీసా నా పుస్తకంలో 11వ చోట ఉంది. 18 డాలర్ల ఎవాన్ విలియమ్స్ వైట్ లేబుల్ రెండో చోట ఉంది. వైట్ లేబుల్ అంటే మామూలు నల్ల లేబుల్‌ది కాదు, 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని రాసి ఉన్నది. ఆ మాట 1897 నాటి అమెరికా చట్టంలోది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, సర్కారు లెక్కలో ఉన్న గోదాములో కనీసం 4 ఏళ్ళు ఉంచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలో పోయాలి. ఆ రోజుల్లో పొగాకు రసమూ అదీ కలిపి విస్కీ అని అమ్మేవాళ్ళు కాబట్టి తెచ్చిన చట్టం. తక్కువ డబ్బుతో కొనేవాళ్ళకి ఇవాళ్టికీ అంత భరోసా ఇచ్చే లేబుల్ ఇంకోటి నాకు కనబడలేదు. ముందు వేయించిన వేరుశెనగపప్పు, తర్వాత పాకం, చివర్లో దాల్చినచెక్క. 50 శాతం కదా, ఘాటుగా అనిపిస్తే ఒక చెంచా నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఆగండి. దాని వాసన అప్పుడే విప్పుకుంటుంది.

మొదటి చోటు వైల్డ్ టర్కీ 101ది. మన దగ్గర 26 డాలర్లు. వాళ్ళు పీపాల లోపలి చెక్కని మొసలి చర్మంలా పగుళ్ళు తేలేదాకా కాలుస్తారు. ఆ కాలిన చక్కెర రుచీ, మిరియాల మంటా గొంతు దిగాక కూడా చాలాసేపు ఉంటాయి. కోక్‌లో పోసినా కనబడే విస్కీ ఇది. ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్ (ఇదీ 'బాటిల్డ్ ఇన్ బాండ్' బోర్బనే) లో రై అనే ధాన్యం ఎక్కువ. లవంగం, నారింజ తొక్క ఇష్టమైనవాళ్ళకి అది.

రంగు ముదురుగా ఉంటే పాతదని చాలామంది సీసా ఎత్తి లైటుకి పెట్టి చూస్తారు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. బోర్బన్‌లో రంగు కలపకూడదు, ఆ రంగంతా లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాదే. కాబట్టి స్కాచ్ కొనేటప్పుడు రంగు చూడకండి, లేబుల్ మీద ఏళ్ళ అంకె చూడండి. స్పేబర్న్ 10 నాకు నచ్చింది. తేలిక, పచ్చి యాపిల్, చివర్లో కాస్త తేనె. ఐసు వేస్తే మాత్రం ఏమీ మిగలదు.

పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు బ్రాందీ అడుగుతారు. మన వైపు అదే అలవాటు. వాళ్ళకి పాల్ మాసన్ చాలు, 14 డాలర్లు. తీపి ఎక్కువే, నాకు పెద్దగా ఎక్కలేదు, కానీ మెత్తగా దిగుతుంది. కాన్యాక్ (ఫ్రాన్స్ బ్రాందీ) కావాలంటే, లేబుల్ మీద వీఎస్ అంటే పీపాలో కనీసం 2 ఏళ్ళు, వీఎస్‌ఓపీ అంటే 4. పేరున్న కంపెనీ వీఎస్ కన్నా చిన్న కంపెనీ వీఎస్‌ఓపీ అదే ధరకి దొరికితే రెండోదే తీసుకోండి.

రమ్ములో ఆపిల్టన్ 8 ఏళ్ళది 32 డాలర్లు, గీత దాటింది, అయినా చెప్తున్నాను. జమైకా వేడికి పీపాలోంచి ఆవిరయ్యేది ఎక్కువ, చెక్క రుచి దిగేదీ ఎక్కువ. అక్కడి 8 ఏళ్ళని స్కాట్లాండ్ 8 ఏళ్ళతో పోల్చకూడదు. బాగా మాగిన చక్కెరకేళి వాసన వచ్చింది నాకు. మా ఆవిడ తాగదు, మూత వాసన చూసి "అరిసెల పాకం" అంది. తనదే కరెక్టు. ఓల్డ్ మంక్ కూడా కవర్లో పెట్టింది, ఒక్క వాసనకే పట్టేశాను. అది రుచో, హాస్టల్ రోజులో నేను విడదీయలేను, అందుకే నంబరు ఇవ్వలేదు.

ఊరెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. మావయ్యలకి ఇవ్వడానికైతే వాళ్ళకి పేరు తెలిసిన జానీ వాకర్ బ్లాక్ లేబుల్ తీసుకెళ్ళండి. కూర్చుని కలిసి తాగే స్నేహితుడికైతే పైన మొదటి రెండు చోట్లలో ఉన్న బోర్బన్లలో ఒకటి.

సోమవారం నుంచి కిటికీ అరలో ఖాళీ అట్టపెట్టెలే ఉంటాయి. నేను రుచి చూసిన సీసాల కింద నా చేత్తో రాసిన చీటీ ఉంటుంది, నచ్చనిదైతే నచ్చలేదనే రాసి ఉంటుంది. చీటీ లేదంటే నేనింకా తాగలేదని అర్థం, దాని గురించి నన్నడిగినా అదే చెప్తాను. టెక్సస్ రూలు ప్రకారం ఆదివారం ఎప్పట్లాగే మూసే ఉంటుంది. మిగతా రోజులు పొద్దున పదింటికి తలుపు తీస్తాను.