ఈసారి పెన్సిల్ కూడా తెచ్చుకోండి
అందరికీ నమస్కారం. ఆదివారం మన ప్రకృతి నడకకి ఫోన్‌తో పాటు చిన్న నోట్‌బుక్, పెన్సిల్ తెచ్చుకోండి. ఫోటో తీశాక వెంటనే ముందుకెళ్లిపోతాం. గీయడానికి కూర్చుంటేనే సీతాకోకచిలుక రెక్క అంచున చుక్కలు, అది వాలిన ఆకుకున్న రంపపు పళ్లు కంటపడతాయి. 17వ శతాబ్దంలోనే జర్మన్ చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ గొంగళిపురుగుల్ని అవి తినే మొక్కతో సహా గీశారు. ఆ మొక్క పోతే పురుగూ పోతుంది, అందుకే మీ బొమ్మలో మొక్కని వదలొద్దు.

ఫోటోని తేదీ, చోటుతో ఐనాచురలిస్ట్‌లో (మొక్కలు, జీవుల్ని నమోదు చేసే యాప్) పెట్టండి, పక్షులైతే ఈబర్డ్‌లో (పక్షుల్ని నమోదు చేసే యాప్). పేరు తెలియకపోయినా పర్వాలేదు, తెలిసినవాళ్లు చెబుతారు. మామూలు పిచ్చుకే కదా అని వదిలేయకండి, ఏవి తగ్గిపోతున్నాయో బయటపడేది ఇలాంటి లెక్కల్లోనే. గూళ్ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లొద్దు, తల్లిపక్షి బెదిరిపోతుంది. గీసినవి ఇక్కడ పెట్టండి, బాగా రాలేదని దాచుకోవద్దు.