ముందు లేచి తిను

బుజ్జమ్మా,

నిన్న పొద్దున నైట్ డ్యూటీ దిగి ఫోన్ చేసి, "అమ్మా, ఆ పేషెంట్ పోయిన దగ్గర్నుంచి ఐసీయూలోకి వెళ్తుంటే కాళ్ళు వణుకుతున్నాయి, నాకసలు విశ్వాసం ఉందంటావా" అన్నావు చూడు, ఏం చెప్పాలో తోచక "ప్రార్థన చేసుకోమ్మా" అనేసి పెట్టేశాను. రోజంతా ఆ మాటే పీకుతూ ఉంది, అందుకే రాస్తున్నా.

విశ్వాసం ఉంటే భయం ఉండదని ప్రార్థన కూటాల్లో చెప్తుంటారు, నేనూ ఎన్నోసార్లు ఆమెన్ అన్నాను. ఇప్పుడైతే అనను. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తీసి చూడు. కర్మెలు కొండ మీద అగ్ని దిగడం కళ్ళారా చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి చంపిస్తానని ఒక్క కబురు పంపేసరికి ప్రాణం అరచేత పట్టుకుని బెయేర్షెబా దాకా పరుగెత్తాడు, పనివాణ్ణి అక్కడే వదిలేసి ఒక్కడే అరణ్యంలోకి పోయి, చెట్టు కింద కూలబడి, ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు కోప్పడలేదు. దూత వచ్చి తట్టి, లేచి తిను అన్నాడు, అంతే. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, పడుకోనిచ్చారు కూడా! రెండోసారి లేపినప్పుడు మాత్రం, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. శక్తికి మించిందని పైనుంచే ఒప్పుకున్నారు కదా, నాకు ఆ మాట ఎంత ఇష్టమో. నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే దేవుడు మాట్లాడింది, అదీ గాలిలో కాదు, భూకంపంలో కాదు, నిప్పులో కాదు, ఆ తర్వాత వినపడిన మెల్లని స్వరంలో.

నాన్నకి గుండె ఆపరేషన్ అయిన రోజు నీకు తెలీదు, నువ్వు అమ్మమ్మ దగ్గరున్నావు. ఆ వరండాలో బెంచీ మీద కూర్చుంటే నాకు పరలోక ప్రార్థన కూడా సగంలో ఆగిపోయింది. మన మందిరంలో చాపలు పరిచే పెద్దమ్మ క్యారేజీలో పెరుగన్నం తెచ్చి, "నువ్వు తిను, ప్రార్థన నేను చేస్తాలే" అంది. ఆరోజు నన్ను నిలబెట్టింది ఆ అన్నమే. పెద్ద పెద్ద ప్రసంగాలేవీ ఇప్పుడు గుర్తులేవు.

చిన్నప్పుడు ఆయాసపడుతూ ఎక్కేదానివే, మన ఒంగోలు ప్రార్థన కొండ. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసాని, ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురే అక్కడ మోకరించారు, అంతకుముందే తెలుగువాళ్ళ మధ్య నడిచే ఈ బాప్టిస్టు మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తోంది. ఒంగోలుకి ఒక మిషనరీ కావాలని వాళ్ళు ఆరోజు ప్రార్థనలో అడిగితే క్లౌ దొరగారు వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారైనా వాళ్ళ గుండె జారలేదంటే నేను నమ్మను.

కాళ్ళు వణికితే వణకనీ, ఆ వణుకుతోనే లోపలికి వెళ్తున్నావు కదా. వాక్యం చదవడం కుదరని రోజు "ప్రభువా" అని ఒక్క మాట అనుకో, మిగతాది ఇక్కడ తెల్లవారుజామున నేను చూసుకుంటా.

శుక్రవారం బస్సులో గోంగూర పచ్చడి, కందిపొడి పంపిస్తున్నాం. ఉప్పు కాస్త తగ్గింది, నాన్న వేయనివ్వలేదు. డ్యూటీ దిగాక వేడన్నంలో కలుపుకుని తిని పడుకో. నిద్ర లేచాకే ఫోన్ చెయ్యి.

మీ అమ్మ