2024–25 వార్షిక నివేదిక: “నాలుగు రోజులు ఇంట్లో ఉంచండి” అన్న ఫోన్ల గురించి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని చాలావరకు ఒక్క మాట చుట్టూనే తిరిగింది. “బాబుని ఓ నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచండమ్మా.” స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, కాగితం మాత్రం రాదు. సస్పెన్షన్ అనే మాట ఎవరి నోటా రాదు. నాలుగు రోజులు కాస్తా పది రోజులవుతాయి. ఆ తర్వాత “మిగతా పేరెంట్స్ ఊరుకోవడం లేదు, టీసీ తీసుకెళ్లండి” అంటారు. రాజోలు, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని స్థితి) ఉన్న పిల్లల ఇళ్లన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ.

మనం మొదలుపెట్టింది చిన్న పనితోనే. ఫోన్లో చెప్పింది రాసివ్వమని అడిగాం. ఎన్ని రోజులు, ఎందుకు, ఎవరి నిర్ణయం అని హెడ్మాస్టరు పేర ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకున్నాం. కొన్నిచోట్ల ఆ ఉత్తరం చూడగానే “సోమవారం నుంచి పంపండి” అన్నారు.

విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేవరకు ఏ బిడ్డనీ బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైతే అదే తరగతిలో ఉంచే వీలు వచ్చింది గానీ, తీసేసే వీలు రాలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016)లోనూ సెక్షన్ 16నే చూడాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ, ప్రైవేటుదైనా సరే, వివక్ష లేకుండా చేర్చుకోవాలి, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలి. రెండిటికీ ఒకే నంబరు కావడంతో మన అమ్మలకు ఇట్టే గుర్తుండిపోయింది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఇంకా రాలేదన్న సాకుతో కూడా పంపేయడానికి లేదు. మొదటి చట్టం పిల్లలందరిదీ.

అయితే చట్టం చూపించినంత మాత్రాన బిడ్డ క్లాసులో కుదురుగా కూర్చోడు. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి స్కూలుకెళ్లే ఒక మూడో తరగతి బాబు విషయం చెప్పాలి. వాళ్ల క్లాసు మేడం చేతి మీద బాబు కరిచిన గాటు మేమూ చూశాం. ఆవిడ బాధ అబద్ధం కాదు. గొడవైన ప్రతి రోజూ అంతకుముందు ఏం జరిగిందో నోటుబుక్కులో రాయమని వాళ్లమ్మకు చెప్పాం. జులై, ఆగస్టు పేజీలే నిండాయి. ఎర్రనీరు (గోదావరి వరద నీరు) వచ్చి పంటు ఆగిన రోజుల్లో ఆటో దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది. ప్రార్థన అయిపోయాక చేరతాడు. రోజూ నిలబడే చోటు ఉండదు, పక్కన నిలబడే పిల్లాడు ఉండడు. కరిచింది, పుస్తకాలు విసిరింది ఆ రోజుల్లోనే.

ఆ నోటుబుక్కు మేడం ముందు పెట్టాం. ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ తర్వాత ఏర్పాటు ఆవిడే చెప్పారు. పంటు లేదని తెలిసిన రాత్రే అమ్మ వంతెన ఫొటో చూపించి “రేపు ఇటు వెళ్తాం” అని చెబుతుంది. లేటుగా వచ్చిన రోజు బాబు నేరుగా క్లాసుకు పోకుండా ఆఫీసు గదిలో పావుగంట కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు వెళ్తాడు. ఆ తర్వాత వాళ్లింటికి ఫోన్ రాలేదు.

అన్నీ ఇలా కుదరలేదు. ఒక కుటుంబం విసిగిపోయి టీసీ తీసుకుని ఊరు మారింది. ముందే మనం వాళ్లింటికి వెళ్లి ఉండాల్సింది, అది మన తప్పు. పదేళ్ల పాప ఒకతె ఇంకా ఇంట్లోనే ఉంది. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి, డీఈఓ (జిల్లా విద్యాధికారి) గారికి అర్జీలు పెట్టాం. ఈలోగా పాపను భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) తీసుకెళ్తున్నారు. అది బడికి తోడే తప్ప బడికి బదులు కాదని అర్జీలో స్పష్టంగా రాశాం.

ఖర్చంతా జిరాక్సులకు, ఆటో చార్జీలకే అయింది. పద్దుల పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు.

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలోనే పంటు మీద వెళ్లే పిల్లల టీచర్లందరినీ కలవాలని కార్యవర్గం నిర్ణయించింది. వరద వచ్చాక కలిస్తే అప్పటికే ఫోన్ వచ్చేస్తుంది. పిల్లల పేర్లు, ఎక్కే రేవు, తరగతి మే నెలాఖరులోగా రాసివ్వండి.