మూలపేట పోర్టు సరే, ఉద్దానం పిక్క మాటేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా తీరంలో కడుతున్న మూలపేట పోర్టు పనుల ఫొటో పేపర్లో పడిన రోజు మా కాశీబుగ్గ టీకొట్టులో ఇంకో మాట ఉండదు. రాళ్లు ఎంత దూరం వేశారు, మొదటి ఓడ ఎప్పుడొస్తుంది, దగ్గర్లో సెంటు ఎంత పలుకుతోంది... ఇదే గోల. నేనూ ఆ గోలలో ఉన్నవాడినే. పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ నడుపుతున్నాను. ఒక బాయిలర్, పాతికమంది ఆడవాళ్లు, సీజన్‌లో ఇంకో పదిమంది. పోర్టు వస్తే లాభపడేవాళ్లలో నేనూ ఒకడినని ముందే చెప్పేస్తున్నాను. రేపు ఎవరైనా "నీ వ్యాపారం కోసం రాశావు" అంటే కాదనలేను.

కానీ ఈ ఉత్తరం రాయించింది మా మేనమామ. ఆయనకు వజ్రపుకొత్తూరు మండలంలో నాలుగెకరాల జీడితోట. మొన్న సంక్రాంతికి వెళ్తే అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు: "అల్లుడూ, పోర్టొస్తే నీకు పండగే. మరి మా పిక్క ఎవులు కొంతార్రా?"

నా దగ్గర సమాధానం లేదు.

జీడి సంగతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. పిక్క అంటే పెంకుతో ఉన్న జీడిగింజ. జీడితోటలున్న మా తీరప్రాంతం ఉద్దానంలో పంట మార్చిలో మొదలై మే చివరికి అయిపోతుంది. ఫ్యాక్టరీకి మాత్రం ఏడాదంతా పిక్కలు కావాలి, లేకపోతే కూలీలు చెల్లాచెదురైపోతారు. అందుకే ఐవరీ కోస్ట్, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల పిక్కలు తెప్పించుకుంటాం. అవి ఏదో ఒక దూరపు పోర్టులో దిగి, లారీలెక్కి మాదాకా వస్తాయి. విశాఖలో దిగినా రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ కిరాయి, ఎక్కించి దించే హమాలీ ఖర్చు, దారిలో తడిసిన బస్తా, చినిగిన బస్తా అన్నీ పప్పు ధరలోనే కలుస్తాయి. 80 కిలోల బస్తా వలిస్తే వచ్చేది ఇరవై కిలోల పైచిలుకు పప్పు. అందులో గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (విడిపోయిన పప్పు) ఎంత అన్నదాని మీదే మా బతుకు. కిరాయిలో బస్తాకు వంద మిగిలినా మాకు అది చిన్న సంగతి కాదు. మూలపేట పలాసకు గంట, గంటన్నర దూరం. నాకెందుకు పండగో అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు మామ వైపు చూడండి. బయటి పిక్క చవగ్గా దిగిన ఏడాది ఉద్దానం పిక్క రేటు పడిపోతుంది. ఇది పోర్టు లేని రోజుల్లోనే జరుగుతున్న పని. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇప్పించమని ఆ మధ్య రైతులు రోడ్డెక్కారు. వరికి, మొక్కజొన్నకు ఉన్నట్టు జీడికి కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. తోటలో పిక్క ఏరి, ఎండబెట్టి, దాచుకునే చోటు లేక వారంలోగా అమ్మేస్తారు. కొనేవాడు చెప్పిందే రేటు. ఆ కొనేవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడమెందుకు.

పైగా మామ తోట 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకు పడిపోయిన తోట. తెల్లారి చూస్తే వేళ్లు పైకి తేలిన జీడిచెట్లు, నడుములు విరిగిన కొబ్బరిచెట్లు. కరెంటు స్తంభాలన్నీ నేలమట్టం, రోజుల తరబడి చీకటి. నా ఫ్యాక్టరీ గోడ కూలి ఉన్న పిక్కలన్నీ తడిశాయి. నా గోడ నెల రోజుల్లో లేచింది. ఆయన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పట్టింది. అలా మళ్లీ నిలబెట్టుకున్న తోట పంటకు పోర్టుతో ఇంకా పోటీ పెరుగుతుందంటే ఆయన భయపడడా?

అయితే పోర్టు వద్దా? నేనలా అనను. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఏ జిల్లాకూ ఇంత తీరం లేదు. ఒకప్పుడు ఓడలు ఆగిన కళింగపట్నం, బారువల్లో ఇప్పుడు మిగిలింది లైట్‌హౌస్‌లు. సరైన హార్బర్ లేక మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో కూలికి చేరుతున్నారు. 2018 చివర్లో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. 2014లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న అపార్టుమెంటు కూలి 61 మంది చనిపోతే, అందులోనూ మన రెండు జిల్లాల కూలీలు ఎంతోమంది. పని ఇక్కడ ఉంటే వాళ్లు అక్కడికెందుకు వెళ్తారు? విశాఖ నుంచి కదిలిన పెట్టుబడి భోగాపురం విమానాశ్రయం దాకా వచ్చింది, పైడిభీమవరం మందుల కంపెనీల దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా రావాలంటే ఏదో ఒక పెద్ద పని మొదలు కావాల్సిందే.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. పోర్టు అంటే మనవాళ్లు సముద్రం వైపే చూస్తున్నారు. పోర్టు వెనకాల భూమి వైపు ఏం కట్టాలో ఎవరూ మాట్లాడటం లేదు.

2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం ఓడలు ఆగి సరుకు దింపే 4 బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సరుకు, మొత్తం ఖర్చు 4,362 కోట్లు. బాగుంది. ఆ నాలుగు బెర్తుల్లో కంటైనర్లకు ఎంత చోటు, బొగ్గుకు ఎంత? మా జీడిపప్పు బొగ్గు పక్కన కుప్ప పోసుకునే సరుకు కాదు. టెక్కలి నీలం గ్రానైటు, నౌపడ ఉప్పు, బుడగట్లపాలెం హార్బర్ పూర్తయితే దిగే చేప, రొయ్య ఇవన్నీ బయటికి పంపాల్సిన సరుకులే. బయటి నుంచి బొగ్గు దింపుకొని, ఇక్కడి నుంచి ముడి రాయి పంపడానికే అయితే, ఈ పోర్టుకు మన జిల్లా ఒక దారి మాత్రమే. లారీల దుమ్ము మనకు, లాభం ఇంకెక్కడికో.

వియత్నాం కూడా మాలాగే ఆఫ్రికా పిక్కలు కొనుక్కుంటుంది. అయినా పప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం దానిదే. మేము ఇంకా జీడిచమురు అంటి వేళ్లు నల్లబడిన ఆడవాళ్ల చేతులతో పెంకు తీయిస్తున్నాం. చేతిపని తక్కువని నేననను. వాళ్ల చేతిలో గుండు గుండుగానే వస్తుంది, కొన్ని మెషీన్లు బద్దలు చేసి పెడతాయి. కానీ బయటిదేశం కొనేవాడు తేమ ఎంత, బూజు ఉందా, పరీక్ష కాగితమేదీ అని అడుగుతాడు. ఆ పరీక్ష పలాసలోనే చేయించుకునే ల్యాబ్ ఒకటి, కంటైనర్ ఇక్కడే నింపి సీలు వేసే డిపో ఒకటి ఉంటే మా సరుకు నేరుగా ఓడెక్కుతుంది. అప్పుడు మాకు పిక్క ఇంకా ఎక్కువ కావాలి. ఎక్కువ కావాలంటే మామ దగ్గరికి వెళ్లక తప్పదు. ఆయన ప్రశ్నకు నాకు తోచిన సగం సమాధానం ఇది.

మిగతా సగం గోడౌన్లు. ఉద్దానంలో మండలానికి ఒకటి, గాలివానకు తట్టుకునేది. రైతు పిక్క అందులో పెట్టి, రసీదు చూపించి బ్యాంకులో అప్పు తీసుకొని, రేటు వచ్చినప్పుడు అమ్ముకోవాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, వేరే పంటలకు నడుస్తున్నదే. నాలాంటివాళ్లకు ఇది కొంచెం నష్టమే. ఫర్వాలేదు.

రైలు సంగతి కూడా. నౌపడ జంక్షన్ హౌరా-చెన్నై మెయిన్ లైను మీద ఉంది, అక్కడి నుంచే టెక్కలి, పర్లాకిమిడి మీదుగా గుణుపురానికి లైను పోతుంది. ఇంత అనుకూలం ఎంతమందికి ఉంటుంది? పోర్టుకు వేసే రైలు లైను, జాతీయ రహదారిదాకా వేసే రోడ్డు ఓడ వచ్చాక కాదు, ముందే కావాలి. ఆలస్యమైతే ఆ లారీలన్నీ పోర్టు ఉన్న సంతబొమ్మాళి మండలం ఊళ్ల మధ్య నుంచి, బడి పక్కనుంచి పోతాయి.

ఒక చేదు మాట. పెట్టుబడి అనగానే ఈ తీరం జనానికి ముందు గుర్తొచ్చేది 2010 జూలై 14 సోంపేట, 2011 ఫిబ్రవరి 28 కాకరాపల్లి. థర్మల్ ప్లాంట్లకు బీల, తంపర అనే చిత్తడి భూములు ఇవ్వబోమన్నవాళ్ల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కాకరాపల్లి, మూలపేట ఒకే మండలంలో ఉన్నాయి. దీన్ని "అభివృద్ధికి అడ్డు" అనేవాళ్లు ఒక్కసారి ఆ తంపరలో నడిచి చూడాలి. బంజరు అని కాగితం మీద రాసిన చోట చేపలు పడుతున్నారు, గేదెలు మేస్తున్నాయి, పక్కనే తేలినీలాపురంలో ఏటా వలస పక్షులు గూళ్లు పెడుతున్నాయి. ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు వైపు కార్గో విమానాశ్రయం అన్న మాటకే రైతులు ఉలిక్కిపడటానికి కారణం కూడా ఆ జ్ఞాపకమే. భూమి అడిగే ముందు ఎన్ని ఎకరాలు, ఎంత నీరు, ఎన్ని ఉద్యోగాలు, అందులో పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని అన్నది తెలుగులో అచ్చువేసి గ్రామసభలో చదివి వినిపిస్తే, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

నీటి గురించి కూడా ఇంతే. కిడ్నీ జబ్బుతో ఉద్దానం ఎంత నలిగిందో మీ పాఠకులకు తెలుసు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీరు, పలాసలో 200 పడకల ఆస్పత్రి చాలా ఏళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చాయి. వచ్చే ఏ ఫ్యాక్టరీకైనా నీటి వాటా రాసే ముందు ఈ తాగునీటి వాటాను చేయి పెట్టకుండా పక్కన పెట్టాలి.

ఉద్యోగాల మాట చెప్పి ఆపేస్తాను. పోర్టులో క్రేన్ నడిపేవాళ్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, కస్టమ్స్ కాగితాలు చూసే గుమస్తాలు కావాలి. ఈ పనులు నేర్పే కోర్సులు టెక్కలి, పలాస ఐటీఐల్లో ఈ ఏడాదే మొదలుపెట్టాలి. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు పోర్టు కోసం ఇళ్లు వదిలి నౌపడ కాలనీకి వెళ్లాల్సినవాళ్లు. మొదటి సీట్లు వాళ్ల పిల్లలకివ్వాలి. వీటిలో కొన్ని కోర్సులు రెండేళ్లు. ఓడ వచ్చాక మొదలుపెడితే, గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగాలే మనవి.

మీ విలేకరులు ఈసారి పోర్టు దగ్గరికి వెళ్లినప్పుడు బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాళ్ల గట్టు) ఎంత పొడవు వచ్చిందో అడగడంతో పాటు, కంటైనర్ డిపో ఎక్కడ, గోడౌన్లు ఎక్కడ, ఐటీఐ కోర్సు ఏది అని అధికారులను అడిగి జవాబు అచ్చు వేయండి. మార్చిలో పిక్క రాలడం మొదలవుతుంది. ఆ లోపు మా మామకు చూపించడానికి నాకు పేపర్ కటింగ్ ఒకటి కావాలి.

ఇట్లు,
ఒక చిన్న జీడి వ్యాపారి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.